నాలుగు క్రెడిట్ల సంక్షోభం

సమావేశానికి రానివాడి నెత్తిన పని పెట్టడం మా విశ్వవిద్యాలయంలో పాత ఆచారం. ఆ మంగళవారం నేను జ్ఞానదంతం పీకించుకోవడానికి సెలవు పెట్టాను. బుధవారం వాచిన బుగ్గతో కాలేజీకి వస్తే నా బల్ల మీద ఉత్తర్వు ఉంది. నన్ను సంక్షోభాల సమన్వయాధికారిగా నియమించారు.

నా పేరు జోగారావు. కెమికల్ ఇంజనీరింగ్ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ని. వేడి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో, ఎంత పోతుందో పదకొండేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. అంతకు మించిన అధికారం ఎన్నడూ చెలాయించినవాణ్ణి కాదు.

జరిగిందేమిటంటే, ఆ మధ్య ఒక నిపుణుల సంఘం వచ్చి మా విభాగాన్ని తనిఖీ చేసింది. ప్రయోగశాల చూసింది, పరీక్ష పేపర్లు చూసింది, జీడిపప్పు ఉప్మా తిన్నది. వెళ్తూ వెళ్తూ నివేదికలో ఒక వాక్యం రాసింది: విద్యార్థులలో విషయపరిజ్ఞానము కలదు గాని నాయకత్వ పటిమ కొరవడినది. ఆ వాక్యం ఉపకులపతి గారికి నిద్ర పట్టనివ్వలేదు. వారం తిరక్కుండా నాయకత్వ వికాస కేంద్రం వెలిసింది. దానికి డైరెక్టరుగా డాక్టర్ అమరలింగం గారు వచ్చారు. ఆయనకు రసాయనశాస్త్రం బొత్తిగా తెలియదు. దాన్ని ఆయన దాచుకునేవారు కాదు, అర్హతల జాబితాలో చెప్పుకునేవారు. విషయం తెలిసినవాడు విషయంలో మునిగిపోతాడనీ, నాయకుడు ఎప్పుడూ పైన తేలాలనీ ఆయన సిద్ధాంతం.

ఆయన తర్కం చాలా సూటిగా ఉండేది. నాయకుడు బయటపడేది సంక్షోభంలోనే. సంక్షోభం లేనిచోట నాయకుడు లేడు. కాబట్టి విద్యార్థులకు సంక్షోభాలు సమకూర్చడం విశ్వవిద్యాలయం బాధ్యత. నా బల్ల మీది ఉత్తర్వు ఈ సంగతినే ఇలా చెప్పింది:

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, కెమికల్ ఇంజనీరింగ్ నాలుగో సంవత్సరపు విద్యార్థులు ప్రతియొక్కరును కనీసము ఒక సంక్షోభమును ఎదుర్కొని బృందమును గట్టెక్కించవలెను. ఇందుకు నాలుగు క్రెడిట్లు. సంక్షోభము లభ్యముకాని అభ్యర్థులకు పట్టా లభ్యము కాదు."

ఆ తరగతిలో యాభై ఎనిమిది మంది ఉన్నారు. నేను ఒక లావుపాటి రిజిస్టరు తెప్పించి గీతలు గీశాను. క్రమసంఖ్య, అభ్యర్థి పేరు, సంక్షోభం, తీవ్రత, ఫలితం.

మొదటి రెండు నెలలు ఇబ్బంది లేకపోయింది. మెస్సులో సాంబారు పులిసిపోవడం, హాస్టల్లో నీళ్లు రాకపోవడం, లైబ్రరీలోకి కోతి దూరడం లాంటివి అందుబాటులో ఉండేవి. చిక్కల్లా ఆగస్టులో కరెంటు పోయినప్పుడు వచ్చింది. ఒకే కరెంటు కోతకు పదకొండు మంది నాయకత్వం వహించామని దరఖాస్తులు పెట్టారు. డైరెక్టరు గారు ఆలోచించి ఒక సంక్షోభానికి ఒకే నాయకుడని తేల్చారు. అక్షరక్రమంలో ముందున్న పిల్లాడికి ఆ కోత ఇచ్చి, తక్కిన పదిమందినీ తర్వాతి కోత దాకా వేచి ఉండమన్నాం. కరెంటువాళ్లు పగబట్టినట్టు ఆ నెల నుంచీ సరఫరా మెరుగుపరిచారు.

అక్టోబరు నాటికి సంక్షోభాలకు కరువొచ్చింది. పిల్లలు పాఠాలు మానేసి వరండాల్లో నిలబడి ఆకాశం వైపు చూస్తుండేవారు. ఒకసారి తుఫాను వస్తోందని వార్త వచ్చింది. గంటలో నా గది ముందు వరస కట్టారు. నేను గాలివాన ఒకరికి, చెట్టు కూలడం ఒకరికి, వరండాలోకి నీళ్లు రావడం ఇంకొకరికి కేటాయించి సంతకాలు తీసుకున్నాను. తీరా చూస్తే ఆ తుఫాను సముద్రంలోనే నీరసించిపోయింది. పదహారు మంది వచ్చి, మర్నాడు కాసిన ఎండ మీద నాకు ఫిర్యాదు ఇచ్చారు.

అప్పుడు డైరెక్టరు గారు ఉదారంగా నిబంధన సడలించారు. సంక్షోభాన్ని అభ్యర్థి స్వయంగా తయారు చేసుకోవచ్చు. పైగా అలా చేసుకుంటే స్వావలంబన కింద అయిదు మార్కులు అదనం.

ఈ అవకాశాన్ని మొట్టమొదట వాడుకున్నవాడు ఉజ్వల్. ఎత్తుగా, ఇస్త్రీ చొక్కాలో, ఎప్పుడూ ఎవరినో చేయి పట్టుకు నడిపిస్తున్నట్టుండే కుర్రవాడు. ప్రయోగశాల తాళాలు పోయాయని ప్రకటించి, నలభై మందిని నాలుగు దళాలుగా విభజించి, రెండు గంటలు వెతికించాడు. తాళాలు చివరికి అతని జేబులోనే దొరికాయి. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి ఆ సంక్షోభం సొంతంగా చేసిందా, తెచ్చుకున్నదా అని అడిగి, సొంతమేనని తెలిశాక మెచ్చుకుని అత్యుత్తమ శ్రేణి ఇచ్చాడు. ఆ తర్వాత చెత్తబుట్టలు వరసగా అంటుకోవడం మొదలైంది.

మా ప్రయోగశాలకు దాలినాయుడు పెద్ద దిక్కు. బాయిలర్ నడపడానికి సర్టిఫికెట్ ఉన్నవాడు ఆ భవనంలో అతనొక్కడే. ఒకనాడు మసి కొట్టుకున్న ముఖంతో నా గదికి వచ్చి నిలబడ్డాడు.

"బాబూ, అగ్గి ఆళ్లే ఎడతన్నారు, ఆళ్లే ఆర్పుతన్నారు. బాగుంది. మద్దిలో బకెట్లు నానెందుకు మొయ్యాలండి?"

నాయకులకు బృందం అవసరమని అతనికి నచ్చజెప్పాను. అతను నా బుగ్గ వైపు చూసి, ఇన్ని నెలలైనా వాపు పూర్తిగా తగ్గలేదన్నాడు.

డిసెంబరుకల్లా యాభై ఏడుగురు నాయకులయ్యారు. మిగిలింది పొట్నూరు హైమావతి.

హైమ తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటరు. చిన్నప్పుడు ఆయనకు క్యారేజీ పట్టుకెళ్లి, ఆయన నీటిమట్టం, నూనె, వాల్వులు ఒక చుట్టు చూసుకుని వచ్చేదాకా గట్టు మీద కూర్చునేదట. ఆ చుట్టు ఆమెకూ అలవాటైంది. ప్రయోగశాలలోకి వస్తే ముందు ఒక ప్రదక్షిణ చేసేది. వదులుగా ఉన్నది బిగించేది, కారుతున్నది కట్టేది, తర్వాతే రికార్డు పుస్తకం తెరిచేది. అలాంటి మనిషి దగ్గరికి సంక్షోభం ఎలా వస్తుంది?

మేం ప్రయత్నించకపోలేదు. మొదటిసారి ఆమె నడపవలసిన డిస్టిలేషన్ కాలమ్‌కు చన్నీళ్ల పంపు తీగ పీకించి ఉంచారు. మొదలుపెట్టకముందే ఆమె చూసి తగిలించింది. రెండోసారి ఆమె బృందంలో తగవు పుట్టించమని ఇద్దరు కుర్రాళ్లను పురమాయించారు. వాళ్ల ముఖాలు చూసి ఏదో తేడాగా ఉందని క్యాంటీనుకు తీసుకెళ్లి, వాళ్ల మధ్య నిజంగానే ఉన్న పాత తగవొకటి కూడా తీర్చి పంపింది. మూడోసారి హాస్టల్ నీళ్ల బాధ్యత అప్పగించారు. రెండో శనివారం నీళ్లు రావని శుక్రవారమే ట్యాంకులు నింపించింది. పరీక్షాధికారి శనివారమంతా హాస్టల్ మెట్ల మీద కూర్చుని, సాయంత్రం శుభ్రంగా స్నానం చేసి, ఇలా రాసి వెళ్లాడు: "అభ్యర్థిని సంక్షోభమును అంకురదశలోనే నశింపజేయుచున్నది. నాయకత్వ ప్రదర్శనకు అవకాశము శూన్యము. మార్కులు: సున్న."

డైరెక్టరు గారు ఆమెను పిలిపించారు. నేనూ ఉన్నాను.

"చూడమ్మా, అన్నీ ముందే సరిచేసేస్తే నాయకత్వం ఎక్కడి నుంచి వస్తుంది?" అన్నారాయన.

"పంపు తీగ ఊడి ఉంది సార్. చూసి ఎలా వదిలేస్తాను?"

"చూడకుండా ఉండటం అలవాటు చేసుకోవాలి. పెద్దపెద్ద నాయకులంతా అలాగే పైకి వచ్చారు."

హైమ తల ఊపింది. బయటికి వచ్చాక నా గదికి వచ్చింది. ఆమెకు ఒక ఎరువుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. జూలై ఒకటికల్లా పట్టా చూపించాలి. ఆ ఉద్యోగం సంగతి తండ్రి అప్పటికే ఫ్యాక్టరీ క్వార్టర్స్ అంతా చెప్పేసుకున్నాడు. ఏదైనా చిన్న సంక్షోభం మిగిలిందేమో చూడమని అడిగింది. నేను ఆమె ముఖంలోకి చూడలేక రిజిస్టరు తిరగేశాను. ఏమీ మిగల్లేదు.

"నాలో ఏటైనా లోపముందా సార్?" అంది.

నిబంధన అలా ఉందన్నాను. ఆ మాట అనడానికి జ్ఞానదంతం అవసరం లేదు.

మార్చిలో నిపుణుల సంఘం మళ్లీ వస్తుందని కబురు వచ్చింది. వాళ్ల సమక్షంలో ఒక ఆదర్శ సంక్షోభం ప్రదర్శించాలని ఉపకులపతి గారు నిర్ణయించారు. ప్రయోగశాల బాయిలర్లో ఆవిరి పీడనం పెరుగుతుంది. సరిగ్గా పదకొండు గంటలకు ఉజ్వల్ లేచి, బృందాన్ని ఉద్దేశించి ప్రసంగించి, మంట ఆపించి, సభను కాపాడతాడు. హైమకిస్తే మొదలవకుండానే సరిచేసేస్తుందని అది అతనికిచ్చారు. ప్రసంగం మూడు పేజీలు.

రిహార్సల్ నాడు అది చెడిపోయింది. పీడనం గీత దాటగానే సేఫ్టీ వాల్వు దానంతటదే తెరుచుకుని, ఆవిరి కక్కేసి, మళ్లీ మూసుకుంది. ఉజ్వల్ చెయ్యి పైకెత్తి మొదటి పేజీలోనే ఉన్నాడు. బాయిలర్ చల్లబడింది. డైరెక్టరు గారి ముఖం మాత్రం వేడెక్కింది.

"నాయకత్వం వాల్వు చేతుల్లోకి పోతోంది జోగారావు గారూ," అన్నారు.

వాల్వును ప్రదర్శన అయ్యేదాకా తీగతో కట్టెయ్యమని దాలినాయుడికి చెప్పారు. అతను చేతులు తుడుచుకుని వెనక్కి జరిగాడు.

"నాను కట్టనండి. దానికి తీగ కట్టడమంటే పాము నోరు కుట్టేసి సంకలో ఎట్టుకోడమే."

మంటను తనంతట తానే ఆపే పరికరం చెడిపోయి రెండేళ్లయింది, కొత్తది కొనుగోలు విభాగంలో సంతకం కోసం ఎదురుచూస్తోంది. బాయిలర్‌కు మిగిలిన రక్షణ ఆ వాల్వొక్కటే. కట్టకూడదని నేనూ అన్నాను. ఒక్కసారే అన్నాను. అది సబ్జెక్టు దృష్టి అనీ, నాయకత్వ దృష్టి వేరనీ డైరెక్టరు గారు చిరునవ్వుతో చెప్పి, నా రిజిస్టరు తీసుకుని స్వహస్తంతో రాశారు: "సేఫ్టీ వాల్వు అత్యుత్సాహమును ప్రదర్శన ముగియువరకు నియంత్రించవలెను." కింద సంతకం, తేదీ. తీగ ఆయన కేంద్రంవాళ్లు కట్టారు. ఆదేశం ధిక్కరించినందుకు దాలినాయుణ్ణి ప్రదర్శన రోజుకు అతిథుల టీల మీద వేశారు.

నేను రెండోసారి అనవలసింది. అనలేదు.

ప్రదర్శన నాడు ప్రయోగశాలలో డెబ్బై కుర్చీలు వేశారు. పదిన్నరకు కేంద్రంవాళ్లే బాయిలర్ వెలిగించారు. ఉపకులపతి గారు పదినిమిషాలు మాట్లాడి కూర్చోవాలి. కానీ ఆయన విషయం నాయకత్వం, చేతిలో మైకు, ఎదురుగా నిపుణుల సంఘం. పదకొండైంది. పదకొండూ అయిదైంది. నాయకుడు సమయం విలువ తెలిసినవాడై ఉండాలని ఆయన మూడో ఉదాహరణ చెబుతున్నారు. పీడనం ముల్లు ఎర్రగీత దాటింది. ఉజ్వల్ నిటారుగా నిలబడి ఉన్నాడు. ఉపకులపతి గారి ప్రసంగం ముగిశాకే సంక్షోభం ప్రారంభమవుతుందని కార్యక్రమపత్రంలో అచ్చయింది.

నేను ముల్లు వైపు చూశాను. డైరెక్టరు గారి వైపు చూశాను. ఆయన నన్ను చూసి, అంతా అనుకున్నట్టే ఉందని తృప్తిగా తల ఊపారు. లేవాలనుకున్నాను. కార్యక్రమపత్రం మళ్లీ చదివాను.

వెనక వరసలోంచి హైమ లేచింది. నడుచుకుంటూ వచ్చింది, పరుగెత్తలేదు. వాల్వుకు ఉన్న తీగ చూసి ఒక్క క్షణం ఆగింది. ఉపకులపతి గారి చేతిలోంచి మైకు తీసుకుంది.

"అందరూ ఎనక తలుపు నుంచి బయటికి ఎళ్లిపోండి. నెమ్మదిగా. కుర్చీలు ముట్టుకోకండి."

అదే ప్రదర్శన అనుకుని అతిథులు సంబరంగా లేచారు. ఇంత సహజంగా ఉంటుందనుకోలేదని ఒక నిపుణుడు ఇంకొకాయనతో అన్నాడు. వరసగా, ముచ్చట్లాడుకుంటూ బయటికి నడిచారు. హైమ బర్నరుకు నూనె కట్టేసి మంట ఆపింది. ఆవిరిని బయటికి తీసుకెళ్లే గొట్టం వాల్వును కొంచెం కొంచెంగా తిప్పింది. భవనం వెనక ఆవిరి ఈలవేస్తూ లేచి, నిలిపి ఉన్న కార్లన్నిటినీ తడిపింది. అప్పటికి నేను లేచి వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. చెయ్యడానికి ఏమీ లేదు. ముల్లు వైపు చూస్తూ అంకెలు పైకి చదవమంది. చదివాను. పన్నెండు నిమిషాలు పట్టింది. ముల్లు ఎర్రగీత కిందికి బాగా దిగాకే ఆమె వాల్వు వదిలింది.

లోపల మాతోపాటు ఇంకొకడు ఉన్నాడు. ఉజ్వల్ చేతిలో మూడు పేజీలు పట్టుకుని, ఏడుపు గొంతుతో అన్నాడు.

"హైమా, అది నాది."

బయట చప్పట్లు మోగుతున్నాయి.

మూడోరోజు హైమకు నోటీసు వచ్చింది. ఇతర అభ్యర్థికి కేటాయించిన సంక్షోభమును అనధికారికముగా పరిష్కరించుట పరీక్షలలో అక్రమము కిందికి వచ్చునని, రెండు సెమిస్టర్లు ఎందుకు నిషేధించరాదో తెలుపవలెనని. విచారణలో ఆమె పరిష్కారాన్ని ఉజ్వల్ కాగితంలోంచి కాపీ కొట్టిందా అని అడిగారు. మంట ఆపడం ఆ కాగితంలో మూడో పేజీ చివర ఉందనీ, అక్కడిదాకా చదివే తీరిక తనకు లేకపోయిందనీ చెప్పింది. ఆ జవాబును అవిధేయత కింద రాసుకున్నారు.

నిషేధం ఖాయమయ్యేదే. కానీ టీలు పోస్తూ కిటికీలోంచి ఆవిరి చూసిన దాలినాయుడు, సర్టిఫికెట్ ఉన్న మనిషిగా తన విధి కాబట్టి, బాయిలర్ల ఇన్‌స్పెక్టరుకు ఒక ఉత్తరం రాసి పడేశాడు. ఆయన వారంలో వచ్చాడు. సన్నగా, మాట తక్కువ మనిషి. వాల్వు దగ్గర ఇంకా వేలాడుతున్న తీగను రెండు వేళ్లతో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత అందరినీ కూర్చోబెట్టి ఒకే ప్రశ్న వేశాడు.

"ఆ టైములో ఇక్కడ బాధ్యులెవరండి?"

మా విశ్వవిద్యాలయంలో నాయకత్వం వికేంద్రీకృతమని ఉపకులపతి గారు సెలవిచ్చారు. తన కేంద్రం నాయకులను తయారు చేస్తుందే తప్ప నాయకత్వం వహించదని డైరెక్టరు గారు వివరించారు. తన వంతు ఇంకా మొదలు కాలేదని ఉజ్వల్ కార్యక్రమపత్రం చూపించాడు. యాభై ఏడుగురు సర్టిఫికెట్ పొందిన నాయకులు నేల చూపులు చూశారు. వాళ్లతోపాటు నేనూ.

"ఆపింది నేనండి," అంది హైమ.

ఇన్‌స్పెక్టరు ఆ పేరు రాసుకుని, భోజనం చేసి వస్తానని లేచాడు. ఆ గంటలో ఉపకులపతి గారు హైమను వరండాలోకి పిలిచి ఎన్నడూ లేనంత తియ్యగా మాట్లాడారు. ఆ సంక్షోభం మొదటి నుంచీ ఆమెదేననీ, ఆమె నాయకత్వ పరీక్ష కోసమే, ఆమెకు తెలిసే ఏర్పాటు చేశామనీ ఒక కాగితం తయారైంది. సంతకం పెడితే నోటీసు రద్దు, నాలుగు క్రెడిట్లు అక్కడికక్కడే.

ఆమె కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను పిరికివాణ్ణి. జూలై ఒకటి గుర్తు చేశాను. పెట్టెయ్యమన్నాను.

"ఇది నా పరీక్ష అని రాస్తే, తీగ కట్టడం కూడా పరీక్షలో భాగమే అని రాసినట్టు గదా సార్. వచ్చే ఏడు ఇంకెవరికో కడతారు."

ఆ కాగితాన్ని నా బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన గాజు బరువు ఉంచి వెళ్లిపోయింది.

నేను లేచి బీరువా తీశాను. రిజిస్టరు చంకన పెట్టుకున్నాను. ఇన్‌స్పెక్టరు క్యాంటీనులో మజ్జిగన్నం తింటున్నాడు. ఎదురుగా కూర్చుని, డైరెక్టరు గారి చేతిరాత ఉన్న పేజీ తెరిచి ఆయన పళ్లెం పక్కన పెట్టాను. కట్టకూడదని తెలిసి కూడా నేను ఒక్కసారే చెప్పి ఊరుకున్నానని కూడా చెప్పాను. ఆయన ఎడమచేత్తో పేజీలు తిప్పుతూ తాళాలు, చెత్తబుట్టలు, తుఫాను అన్నీ చదివాడు. కుడిచేతికి అన్నం ఎండిపోయింది. చివరికి, ఇది మీరే రాశారా అని అడిగాడు. అవునన్నాను. అక్షరాలు బాగున్నాయన్నాడు.

ప్రయోగశాలకు సీలు పడింది. నాకు ఒక ఇంక్రిమెంటు ఆగింది, దానికి నేను అప్పీలు చేయలేదు. అమరలింగం గారిని పదోన్నతి మీద ఇంకో ప్రాంగణానికి పంపారు. నాయకత్వ పరీక్ష అమలును తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేస్తూ, ఆ నాలుగు క్రెడిట్ల స్థానంలో ప్రయోగశాల భద్రత అనే పాఠం పెట్టారు. చెప్పగలిగినవాడు దొరక్క దాలినాయుడి చేత చెప్పించారు. యాభై ఎనిమిది మందీ మే నెల ఎండలో కూర్చుని, వాల్వు ఎందుకు ఉంటుందో అతని భాషలో నేర్చుకున్నారు. ఉజ్వల్ మొదటి బెంచీలో కూర్చునేవాడు. అతను ప్రశ్నలు అడగడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. ఆ పరీక్షే లేకుండా పోయింది కాబట్టి హైమ నోటీసు మాత్రం ఎవరూ రద్దు చేయకుండానే దానంతటది వాడిపోయింది. పట్టా జూన్ ఇరవై తొమ్మిదిన చేతికొచ్చింది.

ఆ మధ్యాహ్నమే ప్రవర్తన సర్టిఫికెట్ కోసం నా గదికి వచ్చింది. ఆ ఫారాన్ని మార్చడం ఎవరికీ తట్టలేదు, నాలుగో కాలమ్ అలాగే ఉంది: "అభ్యర్థి ప్రదర్శించిన నాయకత్వ లక్షణములు. ఒక ఉదాహరణతో పేర్కొనుము." బాయిలర్ గురించి రాద్దామంటే ఆ విషయం విచారణలో ఉంది, రాయకూడదు. కలం పట్టుకుని ఆలోచిస్తున్నాను. ఆమె నా నెత్తి మీదికి చూస్తోంది.

"సార్, ఒకసారి లేస్తారా?"

ఎందుకన్నాను. ముందు లేవమంది. లేచాను. తర్వాత ఆమె ఫ్యాను ఆపి, వరండాలోకి వెళ్లి కేకేస్తే దాలినాయుడు నిచ్చెనతో వచ్చాడు. పైకి ఎక్కి, ఒక చేత్తో ఫ్యానును ఆపిపట్టుకుని, కొక్కేనికి ఉన్న బోల్టును రెండు వేళ్లతో తీసి కిందికి చూపించాడు. మరలన్నీ అరిగిపోయి ఉన్నాయి. వాళ్లిద్దరూ కొత్తది బిగించేదాకా నేను గోడ వారగా నిలబడి, ఫారాన్ని గోడకు ఆనించి నాలుగో కాలమ్ నింపాను.

"ఈ పత్రము జారీచేయు అధికారిని సకాలములో కుర్చీలోనుండి లేపినది."